నాస్‌లోకి ఫోల్డర్లు కాపీ చేస్తే చాలా? డిస్క్ పోయిన రోజు కంప్యూటర్ మొత్తం తిరిగి రావాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంట్లో రెండు విండోస్ ల్యాప్‌టాప్‌లు, ఒక విండోస్ డెస్క్‌టాప్, ఒక మ్యాక్‌బుక్ ఉన్నాయి. రెండు 4 టీబీ డిస్కులున్న నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్ పెట్టె) కొని రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా రాసే పద్ధతి) పెట్టారు. విండోస్ కంప్యూటర్లన్నిటిలోనూ దాన్ని జడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకుని, వారానికోసారి ముఖ్యమైన ఫోల్డర్లు అందులోకి కాపీ చేస్తున్నారు. ఇది సరిపోతుందా, రేపు ఒక ల్యాప్‌టాప్ డిస్క్ పోతే విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులతో సహా ఎలా తిరిగొస్తుంది, ఇదంతా వైఫై మీద అవుతుందా అన్నది ప్రశ్న.

ముందు సూటిగా జవాబు: సరిపోదు. ఇప్పుడున్న పద్ధతిలో మీ ఫైళ్లు కొన్ని దక్కుతాయి, కంప్యూటర్ దక్కదు. విండోస్ మెషీన్లకు రోజూ నాస్‌లోకి ఇమేజ్ బ్యాకప్ (డిస్క్ మొత్తానికీ కాపీ) పెట్టండి. మ్యాక్‌కు అందులోనే ఉండే బ్యాకప్ సదుపాయం టైమ్ మెషీన్ చాలు. బ్యాకప్‌లు ఉండే ఫోల్డర్‌లోకి మామూలు యూజర్లు ఎవరూ రాయలేకుండా చేయండి, నాస్‌లో స్నాప్‌షాట్లు (పాత స్థితులను దాచే సదుపాయం) ఆన్ చేయండి, నాస్ నుంచి మరో కాపీ ఇంటి బయట ఉంచండి. వైఫై రోజువారీ బ్యాకప్‌కు పరవాలేదు. మొదటి బ్యాకప్‌కూ రీస్టోర్‌కూ కేబుల్ వాడండి. ఇవన్నీ అయ్యాక ఒక మెషీన్‌నైనా నిజంగా రీస్టోర్ చేసి చూడండి.

ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ ఈ ఏర్పాట్లు పెట్టడం, డిస్క్ పోయినప్పుడు వెళ్లి తిరిగి తేవడం చాలా ఏళ్లుగా నా పని. బ్యాకప్ అసలు లేక నష్టపోయినవాళ్లను చూశాను. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం బ్యాకప్ చక్కగా ఉండి కూడా దాన్ని బయటికి తీయలేక రెండు రోజులు కొట్టుకున్న వాళ్లు. అందుకే నేను ఈ పనిని చివరి నుంచి మొదలుపెడతాను. డిస్క్ పోయిన రోజు మీ చేతిలో ఏముంటుంది? వెలగని ఒక కంప్యూటర్, దూరంగా నడుస్తున్న నాస్, అంతే. నాస్ పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్ బ్రౌజర్‌లోనే సేవ్ అయి ఉంటే, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ ఆ బ్యాకప్‌లో ఉన్న నోట్‌ప్యాడ్ ఫైల్‌లోనే ఉంటే, బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు. కింద నేను చెప్పేవాటిలో చాలావరకు ఈ ఒక్క ప్రశ్న నుంచి పుట్టినవే.

రెయిడ్ బ్యాకప్ కాదు. రెయిడ్ 1 చేసే పని ఒక్కటే: రెండు డిస్కుల్లో ఒకటి చెడిపోయినా నాస్ ఆగకుండా నడుస్తుంది. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండు డిస్కుల నుంచీ పోతుంది. ఫైల్ పాడైతే పాడైన ఫైలే రెండు చోట్లా ఉంటుంది. నాస్ పవర్ సప్లై కాలి రెండు డిస్కులనూ తీసుకుపోయినా, నాస్‌నే దొంగ ఎత్తుకుపోయినా రెయిడ్ చేయగలిగింది ఏమీ లేదు.

మ్యాప్ చేసిన డ్రైవ్ సంగతి దీనికంటే ప్రమాదం. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ఒక కంప్యూటర్‌లోకి వచ్చిందంటే, ఆ యూజర్‌కు రాసే అనుమతి ఉన్న ప్రతి చోటికీ వెళ్తుంది. మీ జడ్ డ్రైవ్ దానికి ఇంకో డ్రైవ్ మాత్రమే. అసలు ఫైళ్లూ వాటి కాపీలూ ఒకే రాత్రి లాక్ అవుతాయి. కాబట్టి రోజూ పంచుకునే ఫైళ్లకు ఒక షేర్ (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్), బ్యాకప్‌లకు వేరే షేర్ ఉండాలి. బ్యాకప్ షేర్‌కు నాస్‌లో ప్రత్యేకంగా ఒక యూజర్‌ను తయారు చేసి, ఆ పాస్‌వర్డ్‌ను బ్యాకప్ సాఫ్ట్‌వేర్ జాబ్‌లో (ఏది ఎప్పుడు కాపీ చేయాలో పెట్టే చోట) మాత్రమే ఇవ్వండి. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ పాస్‌వర్డ్ ఎప్పుడూ కొట్టకండి, సేవ్ చేయమని అడిగితే అసలు చేయకండి. ఇంట్లో వాళ్ల మామూలు అకౌంట్లకు ఆ షేర్ కనబడాల్సిన అవసరం కూడా లేదు.

దాని పైన స్నాప్‌షాట్లు. మీ నాస్‌లో వాల్యూమ్ (డిస్క్ స్థలం) బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లలో ఏదో ఒకదానిలో ఉంటే రోజుకో స్నాప్‌షాట్ పెట్టి రెండు మూడు వారాలు ఉంచండి. స్నాప్‌షాట్ కంప్యూటర్ల వైపు నుంచి మార్చడానికి వీల్లేని పాత స్థితి. షేర్‌లో ఉన్నవన్నీ ఎన్‌క్రిప్ట్ అయినా నిన్నటి స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లొచ్చు. నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్ చేజారితే మాత్రం స్నాప్‌షాట్లు కూడా పోతాయి, కాబట్టి అడ్మిన్ అకౌంట్‌కు టూ-ఫ్యాక్టర్ తప్పనిసరి. రౌటర్‌లో పోర్ట్ తెరిచి నాస్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదలకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్‌ల మీదే పడింది. అక్కడ కంప్యూటర్లతో పని కూడా లేదు, నేరుగా నాస్‌లో ఉన్నవే లాక్ అయ్యాయి. బయటి నుంచి చూడాలనుకుంటే వీపీఎన్ పెట్టుకోండి.

ఇప్పుడు ఇమేజ్ బ్యాకప్ సంగతి. ఫోల్డర్ కాపీకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇమేజ్‌లో డిస్క్ మీద ఉన్నదంతా వస్తుంది: బూట్ పార్టిషన్, విండోస్, ప్రోగ్రాములు, వాటి లైసెన్సులు, డెస్క్‌టాప్ మీద మీరు మర్చిపోయిన ఫైలు కూడా. తెరిచి ఉన్న ఫైళ్లు మామూలు కాపీకి దొరకవు, ఉదాహరణకు ఔట్‌లుక్ నడుస్తుండగా దాని పీఎస్‌టీ ఫైల్. ఇమేజ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోని వాల్యూమ్ షాడో కాపీ ద్వారా డిస్క్‌ను ఒక క్షణం దగ్గర నిలిపి చదువుతుంది కాబట్టి అవీ సరిగా వస్తాయి. మొదటిసారి మొత్తం కాపీ అవుతుంది, తర్వాత రోజూ మారిన భాగాలే వెళ్తాయి. మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇమేజ్‌ను తెరిచి అందులోంచి ఒక్క ఫైల్‌ను కూడా తీసిస్తుంది. కాబట్టి ఫైళ్లకు ఒకటి, సిస్టమ్‌కు ఒకటి అని రెండు జాబ్‌లు పెట్టుకోవాల్సిన పని చాలా ఇళ్లలో ఉండదు.

ఏ సాఫ్ట్‌వేర్ అంటే, మీది సినాలజీ నాస్ అయి, మీ మోడల్‌లో దొరికితే, యాక్టివ్ బ్యాకప్ ఫర్ బిజినెస్ వాడండి. విడిగా లైసెన్స్ కొనక్కర్లేదు. కంప్యూటర్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, అది నాస్‌లోని సర్వీస్‌తో మాట్లాడుతుంది. కంప్యూటర్‌కు షేర్ తెరిచే అవసరమే రాదు, భద్రత పరంగా నాకు బాగా నచ్చే పద్ధతి ఇదే. వేరే కంపెనీ నాస్ అయితే వీమ్ ఏజెంట్ ఫర్ విండోస్ ఉచిత ఎడిషన్. అది కంప్యూటర్‌కు ఒక్క జాబే ఇస్తుంది, ఇంట్లో వాడకానికి అది చాలు. ఓపెన్ సోర్స్ కావాలంటే అర్‌బ్యాకప్. క్లోనెజిల్లా మంచిదే గానీ కంప్యూటర్ ఆపి యూఎస్‌బీ నుంచి బూట్ చేసి నడపాలి, రోజూ ఎవరూ చేయరు. విండోస్‌లోనే ఉన్న పాత సిస్టమ్ ఇమేజ్ సదుపాయాన్ని నమ్ముకోకండి. 2017లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని ఇక అభివృద్ధి చేయని వాటి జాబితాలో చేర్చింది, పైగా నెట్‌వర్క్ మీదికి పంపితే చివరి ఒక్క ఇమేజ్‌నే ఉంచుతుంది. నిన్న వైరస్ వచ్చి రాత్రి బ్యాకప్ నడిచిందంటే మీ దగ్గరున్నది వైరస్‌తో కూడిన ఇమేజే.

వెర్షన్లు ఎన్ని రోజులవి ఉంచాలి? ఇంటికి నేను 30 రోజులు పెడతాను. ఫైల్ పోయిందని, పాడైందని మనం వెంటనే గమనించం. చోటు విషయానికొస్తే, కంప్యూటర్లలో నిజంగా వాడిన స్థలాలన్నీ కలిపి, దానికి రెట్టింపు నాస్‌లో ఉంటే సుఖంగా నడుస్తుంది. నాలుగింటిలో కలిపి 1.2 టీబీ వాడారనుకుంటే 2.4 టీబీ. మీ 4 టీబీలో సరిపోతుంది. వీడియో ఎడిటింగ్ చేసే మెషీన్ ఉంటే ఈ లెక్క తప్పుతుంది, రోజూ మారే డేటా ఎక్కువ కాబట్టి.

వన్‌డ్రైవ్ వాడుతున్నారా, ఇది తప్పక చూడండి. ఫైల్స్ ఆన్-డిమాండ్ ఆన్‌లో ఉంటే చాలా ఫైళ్లు పేరుకే కంప్యూటర్‌లో కనిపిస్తాయి, పక్కన మేఘం గుర్తు ఉంటుంది. అసలు ఫైల్ క్లౌడ్‌లోనే ఉంటుంది. ఇమేజ్ బ్యాకప్‌లోకి వెళ్లేది ఆ పేరు మాత్రమే. నాకు తెలిసిన ఒకాయన ఫొటోలన్నీ బ్యాకప్‌లో ఉన్నాయని నిశ్చింతగా వన్‌డ్రైవ్ ఖాళీ చేయబోయారు. ఆపి చూపిస్తే బ్యాకప్‌లో ఉన్నవన్నీ ఖాళీ పేర్లే. అలాంటి ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచమనే ఆప్షన్ పెట్టండి.

టైమింగ్ గురించి ఒక మాట. అందరూ రాత్రి రెండు గంటలకు పెడతారు. ల్యాప్‌టాప్ ఆ వేళ మూసి ఉంటుంది, బ్యాకప్ జరగదు, ఎవరూ చూడరు. డెస్క్‌టాప్‌కు రాత్రి సరే. ల్యాప్‌టాప్‌లకు సాయంత్రం వాడుకలో ఉన్నప్పుడే పెట్టండి, లేదా తప్పిపోతే కంప్యూటర్ ఆన్ కాగానే చేసేలా పెట్టండి. ఫెయిలైతే మెయిల్ వచ్చేలా పెట్టడం కూడా ఇప్పుడే చేయండి. నాస్ పాస్‌వర్డ్ మార్చి జాబ్‌లో మార్చడం మర్చిపోతే నెలల తరబడి బ్యాకప్ ఆగిపోయి ఉంటుంది. నేను వెళ్లిన ఇళ్లలో చాలాసార్లు చూసింది ఇదే. నాస్ ఐపీ మారిపోవడం రెండో కారణం, దానికి రౌటర్‌లో ఐపీ రిజర్వ్ చేస్తే చాలు. ఇంకొకటి: విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లకు కనెక్ట్ అవ్వడం ఆగిపోయింది. అప్‌డేట్ తర్వాత పాత నాస్ కనబడడం లేదంటే చాలామందికి కారణం అదే. యూజర్, పాస్‌వర్డ్ పెట్టుకోవడమే దానికి సరైన మందు, ఆ రక్షణను ఆపేయడం కాదు.

ఇక మీ ప్రశ్నలో అసలు భాగం, రీస్టోర్. పద్ధతి చెప్పడం సులువు: కొత్త డిస్క్ బిగించాలి, రికవరీ యూఎస్‌బీ నుంచి బూట్ చేయాలి, నాస్‌కు కనెక్ట్ అవ్వాలి, తేదీ ఎంచుకుని రీస్టోర్ నొక్కాలి. ప్రతి అడుగులోనూ ఒక అడ్డంకి ఉంది.

మొదటిది యూఎస్‌బీ. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రికవరీ మీడియా తయారు చేసే సదుపాయం ఇస్తుంది, దాన్ని ఇన్‌స్టాల్ చేసిన రోజే చేయండి. డిస్క్ పోయాక వేరే కంప్యూటర్‌లో కూడా చేయొచ్చు, కానీ అప్పుడు అందులో మీ ల్యాప్‌టాప్ డ్రైవర్లు ఉండవు. వీమ్‌లో అయితే ఈ కంప్యూటర్ హార్డ్‌వేర్ డ్రైవర్లను చేర్చమనే ఆప్షన్ అక్కడే ఉంటుంది, టిక్ చేయండి. మూడు విండోస్ మెషీన్లకు మూడు యూఎస్‌బీలు, పేరు రాసిన స్టిక్కర్లతో. చేశాక ఒక్కోదాన్నీ ఆ మెషీన్‌లో పెట్టి బూట్ చేయండి. బూట్ మెనూ కీ ఒక్కో కంపెనీకి ఒక్కోటి, అదేదో స్టిక్కర్ మీదే రాసుకోండి.

రెండోది నెట్‌వర్క్. రికవరీ మీడియా ఒక చిన్న విండోస్, చాలా వైఫై కార్డులు దానికి తెలియవు. బూట్ అయ్యాక నాస్ కనబడదు, అక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. కేబుల్ పెడితే తొంభై పాళ్లు తీరిపోతుంది. సన్న ల్యాప్‌టాప్‌లకు ల్యాన్ పోర్టే ఉండదు కాబట్టి యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కు మార్చే అడాప్టర్ ఒకటి కొని, దాన్ని కూడా రికవరీ మీడియాలో పరీక్షించి ఉంచండి. వేగం లెక్క కూడా చెబుతాను. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు దాదాపు 110 ఎంబీ వస్తుంది, 500 జీబీ ఇమేజ్ గంటంపావులో అయిపోవచ్చు, ఆచరణలో రెండు గంటలనుకోండి. అదే పాత రౌటర్‌లో 100 ఎంబీపీఎస్ పోర్ట్ అయితే సెకనుకు 11-12 ఎంబీ, అంటే దాదాపు 12 గంటలు. మీ రౌటర్ ఏదో ఇప్పుడే చూసుకోండి.

మూడోది డిస్క్ కనబడకపోవడం. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే కంట్రోలర్ ఆన్‌లో వస్తుంది. దాని డ్రైవర్ లేకపోతే కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించినా రీస్టోర్ స్క్రీన్‌లో ఖాళీగా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ పాడైందనుకుని మార్చేసినవాళ్లున్నారు. పై డ్రైవర్ ఆప్షన్ టిక్ చేసి ఉంటే ఈ గొడవ రాదు, లేకపోతే ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను విప్పి యూఎస్‌బీలో ఒక ఫోల్డర్‌లో పెట్టి అక్కడ లోడ్ చేయాలి. ఈ సమస్య కొత్తదేమీ కాదు. 2007లో వచ్చిన విండోస్ హోమ్ సర్వర్ ఇళ్ల కోసం చేసిన బ్యాకప్‌లలో నాకు ఇప్పటికీ ఇష్టమైనది. అది ప్రతి బ్యాకప్‌లోనూ ఆ కంప్యూటర్ డ్రైవర్లను రీస్టోర్ కోసమే విడి ఫోల్డర్‌లో దాచేది, వేరే కంప్యూటర్ నుంచి దాన్ని యూఎస్‌బీలోకి తీసుకుంటే సరిపోయేది. దాన్ని తయారు చేసినవాళ్లు రీస్టోర్ రోజును ఊహించుకుని చేశారు.

నాలుగోది తాళాలు. ఈ నాలుగూ కాగితం మీద రాసి కంప్యూటర్లకు దూరంగా పెట్టండి: నాస్ ఐపీ, బ్యాకప్ యూజర్ పాస్‌వర్డ్, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్, ఒక్కో మెషీన్ బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ. బిట్‌లాకర్ కీ 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉంటుంది, కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. పాత డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి చూడాలన్నా అది అడుగుతుంది. ఇంకో సంగతి, విండోస్ నడుస్తుండగా తీసిన ఇమేజ్‌లో డేటా తాళం తీసిన రూపంలోనే ఉంటుంది. అందుకే బ్యాకప్‌కు విడిగా ఎన్‌క్రిప్షన్ పెట్టమంటున్నాను. రీస్టోర్ అయ్యాక కొత్త డిస్క్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉందో లేదో చూసి, లేకపోతే మళ్లీ ఆన్ చేయాలి. మదర్‌బోర్డ్ కూడా మారితే విండోస్ హెలో పిన్ పనిచేయదు, అకౌంట్ పాస్‌వర్డే కావాలి. పిన్‌కు అలవాటుపడి పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు ఎక్కువ, ఒకసారి ఇప్పుడే కొట్టి చూసుకోండి.

కొత్త డిస్క్ పాతదాని అంతో, అంతకంటే పెద్దదో తీసుకోండి. చిన్నదానిలోకి కూడా కుదించి రీస్టోర్ చేయగల సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ ఆ రోజు ఆ పరీక్ష మీకెందుకు.

మ్యాక్ విషయం తేలిక. నాస్‌లో టైమ్ మెషీన్‌కు విడి షేర్ చేసి, కోటా తప్పనిసరిగా పెట్టండి. లేకపోతే చోటు ఉన్నంతవరకూ అది నింపుకుంటూ పోతుంది. మ్యాక్ స్టోరేజ్‌కు రెట్టింపు సరిపోతుంది. కనెక్షన్ ఎస్‌ఎంబీ అనే ఫైల్ షేరింగ్ పద్ధతి మీదే ఉండాలి, ఆపిల్ పాత పద్ధతి ఏఎఫ్‌పీ కాలం అయిపోయింది. రీస్టోర్ అంటే ఇప్పుడు రెండు అంచెలు: రికవరీ నుంచి మ్యాక్ ఓఎస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, తర్వాత మైగ్రేషన్ అసిస్టెంట్‌తో టైమ్ మెషీన్ నుంచి అకౌంట్లు, యాప్‌లు, ఫైళ్లు తెచ్చుకోవడం. నెట్‌వర్క్ మీద ఉండే టైమ్ మెషీన్ బ్యాకప్ అప్పుడప్పుడూ పాడై, మళ్లీ మొదటి నుంచి చేయాలని మ్యాక్ అడుగుతుంది. అప్పుడు పాత చరిత్ర పోతుంది. కాబట్టి మ్యాక్‌కు మాత్రం నెలకోసారి ఒక యూఎస్‌బీ డిస్క్‌లోకి కూడా టైమ్ మెషీన్ చేయమని చెబుతాను.

ఇంటి బయట కాపీకి, రెండు యూఎస్‌బీ డిస్కులు కొని ఒకటి నాస్‌కు తగిలించి, ఒకటి ఇంకొకరి ఇంట్లో పెట్టి, నెలకోసారి మార్చుకోండి. ఇమేజ్‌లన్నీ పంపలేకపోయినా ఫొటోలు, డాక్యుమెంట్లు తప్పకుండా వెళ్లాలి. అవి మామూలు ఫైళ్లుగానే వెళ్లాలి. నాస్ కంపెనీ సొంత ఫార్మాట్‌లో ఉంటే నాస్ పోయిన రోజు ఆ డిస్క్‌ను చదవడానికి మళ్లీ ఏదో వెతుక్కోవాలి. మామూలు ఫైళ్లయితే ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకుంటాయి. డిస్క్ బయటికి వెళ్తోంది కాబట్టి తాళం అవసరమనుకుంటే బిట్‌లాకర్ టు గో (యూఎస్‌బీ డిస్కులకు విండోస్ వేసే తాళం) పెట్టి, ఆ కీని కూడా అదే కాగితంలో చేర్చండి. అలాంటి డిస్క్‌ను నాస్ తెరవలేదు, కాబట్టి దాన్ని నాస్‌కు కాక విండోస్ కంప్యూటర్‌కు తగిలించి అక్కడి నుంచి కాపీ చేయాలి.

పరీక్ష రెండు రకాలు. నెలకోసారి బ్యాకప్ తెరిచి పాత తేదీ నుంచి ఒక ఫైల్ తీసి చూడటం, ఐదు నిమిషాల పని. రెండోది, ఒక్కసారైనా విడిగా ఒక ఎస్‌ఎస్‌డీ తెచ్చి, ఇప్పుడున్న డిస్క్ తీసి పక్కన పెట్టి, దాని స్థానంలో ఇది బిగించి మొత్తం రీస్టోర్ చేయడం. ఉన్న డిస్క్ మీదే రీస్టోర్ ప్రయోగం ఎప్పుడూ చేయకండి. మీ డెస్క్‌టాప్‌తో మొదలుపెట్టండి, డిస్క్ మార్చడం అందులో సులువు.

చివరగా, నిజంగానే డిస్క్ పోయి రీస్టోర్ చేసిన రోజు కోసం రెండు జాగ్రత్తలు. చచ్చిపోతున్న పాత డిస్క్ మీద చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికి సరిచేసే విండోస్ టూల్) నడపకండి, ఉన్న కాస్త ప్రాణం దానికే పోతుంది. తీసి పక్కన పెట్టండి, కొత్తది కొన్ని వారాలు సరిగా నడిచాకే పారేయండి. అలాగే రీస్టోర్ అయిన వెంటనే పాత బ్యాకప్ జాబ్‌ను ఆన్ కానివ్వకండి. మెషీన్ తిరిగి రాగానే ఏజెంట్ తన టైమ్‌కు లేచి కొత్త బ్యాకప్ చేస్తుంది, దాంతో పాటు గడువు దాటిన పాత వెర్షన్లను తుడిచేస్తుంది. మీరు ఎంచుకున్న తేదీలో ఏదైనా ఫైల్ లేదని మూడు రోజుల తర్వాత తెలిస్తే వెనక్కి వెళ్లాల్సింది ఆ వెర్షన్ల దగ్గరికే. అందుకని షెడ్యూల్ ఆపి, నాస్‌లో ఆ బ్యాకప్‌ను అలాగే ఉంచి, కొత్త డిస్క్‌కు కొత్త జాబ్ మొదలుపెట్టండి. అంతా సరిపోయిందని నమ్మకం కుదిరాక పాతదాన్ని తీసేయొచ్చు.

మీ నాస్ మోడల్, ల్యాప్‌టాప్‌ల మోడళ్లు ఇక్కడ రాస్తే రికవరీ యూఎస్‌బీలో ఏ డ్రైవర్లు పెట్టాలో చూసి చెబుతాను.